ఇది పాత ఫిర్యాదే

జట్టులో అందరూ అతన్ని చీపురు అని పిలిచేవాళ్ళు. వెటకారానికి పెట్టిన పేరే అయినా అతనికి నచ్చింది. ఊడ్చేవాడు లేకపోతే ఇల్లు ఎలా తగలడుతుందో ఊడ్చేవాడికే తెలుసు.

వాళ్ళు చేసేది ఒక చిన్న యాప్. పసిపిల్ల పడుకున్న గదిలో పాత ఫోను ఒకటి పెడితే, అక్కడి చప్పుళ్ళు పక్క గదిలో ఉన్న అమ్మానాన్నల ఫోన్లలో వినిపిస్తాయి. జీతం లేని పని. తీరిక ఉన్నవాళ్ళు తలా ఒక చెయ్యి వేస్తారు. చిక్కంతా ఫిర్యాదులతోనే. ఒకే లోపం గురించి వందమంది వందసార్లు రాస్తారు, ముందే ఎవరైనా రాశారేమో చూడరు. కొత్తగా వచ్చింది పాతదేనని తేలితే దాన్ని పాతదానికి తగిలించి, ఇక ఎవరూ ఏమీ రాయకుండా తాళం వేయడం చీపురు పని. కూతురు పుట్టాక దానికీ తీరిక చిక్కలేదు. ఆ పనేదో అదే చేసుకుంటుందని ఒక ప్రోగ్రాం రాసి పడేశాడు. అది ఫిర్యాదులో మొదటి రెండు వాక్యాలు చూస్తుంది. పాతవాటితో కలిస్తే, ‘ఇది పాత ఫిర్యాదే. ధన్యవాదాలు’ అని రాసి మూసేస్తుంది. జనం ఏడవాల్సిందంతా మొదట్లోనే ఏడ్చేస్తారు, ఆ తర్వాతదంతా సోదేనని అతని నమ్మకం.

జట్టంతా మెచ్చుకుంది. చెత్త సగానికి సగం తగ్గింది మరి.

ఆదివారం మధ్యాహ్నం. ముసురు పట్టింది. పగలే లైటు వేసుకోవాల్సినంత మబ్బు, ఇల్లంతా ఆరని బట్టల వాసన. భార్య వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. పాప లోపలి గదిలో నిద్రపోతోంది. ఏడాది కూడా నిండని పిల్లే కానీ, ఏడుపు అందుకుంటే నాలుగిళ్ళ అవతలివాళ్ళు తలుపులు వేసుకోవాల్సిందే. చీపురు సోఫాలో కాళ్ళు చాపుకుని, ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం మూసేసిన ఫిర్యాదులు తిరగేస్తున్నాడు.

ఒకదాని శీర్షిక ఇలా ఉంది. ‘దయచేసి మూసేయకండి. చివరిదాకా చదవండి.’

ప్రోగ్రాం దాన్నీ మూసేసింది. అతను నవ్వుకున్నాడు. నవ్వుకుని, చదివాడు.

మొదటి రెండు వాక్యాలూ తెలిసినవే. గదిలో పాప తప్ప ఎవరూ లేరు. ఫోనులో మాత్రం ఎవరో జోకొడుతున్న చప్పుడు. ఇలాంటివి బోలెడు వచ్చాయి. మొట్టమొదటిది తనే చూసి, ప్రతిధ్వని అయ్యుంటుంది, తీరిగ్గా చూద్దాం అని రాశాడు. ఆ తీరిక రాలేదు. మిగతావన్నీ దానికే తగిలించి ఉన్నాయి.

ఆ కింద ఉన్నది అతను ఎప్పుడూ చదవలేదు.

‘మెల్లగా రెండుసార్లు కొడుతుంది. ఆగి, ఒకసారి. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. అప్పట్నుంచీ పాప ఏడవడం లేదు. ఆకలేసినా ఏడవడం లేదు. డాక్టరు సూది వేసినా ఏడవలేదు. కళ్ళు తెరిచి చూస్తోంది, అంతే.’

ఇంకోటి తెరిచాడు. చివర, ‘బాబు ఇప్పుడు ఏడవడు.’ ఇంకోటి. ‘ఇంత బుద్ధిమంతుణ్ణి ఎక్కడా చూడలేదని మా అత్తగారు మురిసిపోతోంది. నాకు భయంగా ఉంది. ఎవరైనా చెప్పండి.’ ఎక్కడెక్కడి మనుషులో. ఎవరి మాటల్లో వాళ్ళు రాశారు, అందరూ ఒక్కచోటికే వచ్చి ఆగారు. ఒక్కరికీ ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పే వీల్లేకుండా తాళాలు వేయించింది తనే.

బల్ల మీద అతని ఫోను చిన్నగా చప్పుడు చేసింది.

టప్... టప్...

టప్.

“ఏమండీ...” వంటింట్లోంచి భార్య గొంతు. ఆమె ఫోనులోనూ అదే చప్పుడు. “పాప లేచిందా? మీరేనా జోకొడుతున్నది?”

అతను బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తడి చేతులతో గుమ్మందాకా వచ్చిన ఆమె, సోఫాలో అతన్ని చూసి అక్కడే ఆగిపోయింది.

“మరి... ఎవరు?” అంది గొంతు తగ్గించి.

ఇద్దరూ లోపలికి పరుగెత్తారు. కిటికీ గడియ వేసే ఉంది. గదిలో వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పాప వెల్లకిలా పడుకుని ఉంది, కళ్ళు తెరుచుకుని. ఉయ్యాల పక్కనున్న పాత ఫోను లాక్కుని ఆపేశాడు.

ఇంకో చేతిలో ఉన్న తన ఫోనులో చప్పుడు ఆగలేదు.

టప్... టప్...

భార్య పాపని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. ముందు గదిలోకి వచ్చేశారు. చప్పుడు కూడా వచ్చింది.

ఎవరికి చెప్పాలి? డాక్టరుకి ఏమని చెప్పాలి? పిల్ల ఏడవడం లేదని ఏ తండ్రి ఫిర్యాదు చేస్తాడు? ఈ మాట నమ్మేవాళ్ళు ఆ తాళాల వెనక ఉన్నవాళ్ళే. కొత్త ఫిర్యాదు రాశాడు. గదిలో ఎవరూ లేరు. ఎవరో జోకొడుతున్నారు. మా ఇంట్లో ఇప్పుడే జరుగుతోంది, ఏం చేయాలో తెలిసినవాళ్ళు వెంటనే...

పంపాడు.

‘ఇది పాత ఫిర్యాదే. ధన్యవాదాలు.’

చప్పుడు ఆగిపోయింది.

“ఆగిందండీ,” అంది భార్య, ఊపిరి పీల్చుకుని. ఆమె ఆ చివరి వాక్యాలు చదవలేదు.

“ఇటివ్వు.” పాపని తీసుకుని భుజాన వేసుకున్నాడు. “ఏడువమ్మా. ఒక్కసారి... నా తల్లివి కదూ, ఏడువు.”

“ఏం మాటలండీ అవి?”

చిన్ని మడమ పట్టుకుని గిల్లాడు. ఎర్రగా కందింది. ఇంకోసారి, గట్టిగా గిల్లాడు. పాప ఏడవలేదు. అతని మొహం చూసి భార్యకి ఏదో అర్థమైంది. గోడకి ఆనుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది.

అప్పుడు అతని వీపు మీద చిన్న చెయ్యి కదిలింది.

మెల్లగా రెండుసార్లు. ఆగి, ఒకసారి.

గోడ దగ్గర ఏడుపు ఆగింది. చూస్తే, భార్య కళ్ళు తెరుచుకుని ఇటే చూస్తోంది.

అతను ఏడవబోయాడు.

రాలేదు.