కొమ్ము తీసి గుడి పెట్టి

"పులి!"

జిల్లా గ్రంథాలయంలో కౌంటర్ వెనక నుంచి రామస్వామి ఇలా కేక పెట్టగానే రెండు కుర్చీలు ఒక్కసారే కిర్రుమన్నాయి. ఒక కుర్చీలోంచి సుగుణ లేచింది. రెండో దాంట్లోంచి పొడుగ్గా, సన్నగా ఒకతను లేచాడు.

"పిలిచింది నన్ను," అన్నది సుగుణ.

"నన్ను మేడం. పులి ఆత్మారాం. కార్డు సూడుండ్రి."

"పులి సుగుణ. నా కార్డు గూడ సూడుండ్రి."

రామస్వామి రెండు కార్డులూ చూశాడు. లైబ్రరీకి ఉన్న కొత్త జనరల్ నాలెడ్జ్ గైడు ఒక్కటే. దానికోసం పది రోజుల నుంచి పేరు రాసుకున్నవాళ్లు ఈ ఇద్దరూనూ. "ఒక్క పుస్తకానికి రెండు పులులైతే నేనేం జేయాలె? బయటికియ్యను. ఒక్క టేబుల్ మీద కూసోని సదువుకోండ్రి. కొట్లాడితే ఇద్దరినీ ఎల్లగొడ్త," అని తీర్పు చెప్పేశాడు.

అది 1988. సుగుణ బోధన్ నుంచి రోజూ పొద్దున ప్యాసింజర్ రైలెక్కి నిజామాబాద్ కాలేజీకి వచ్చేది. క్లాసులయ్యాక, సాయంత్రం రైలు దాకా లైబ్రరీయే ఆమెకు నీడ. ఆత్మారాంది రెంజల్ నుంచి వచ్చి నిజామాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. బి.ఎడ్. చేసి టీచరు ఉద్యోగం కోసం చదువుతున్నాడు.

"పేజీ తిప్పాల్నా?" అని అతను అడిగేవాడు.

"ఇంక రెండు లైన్లున్నయి. జర సబర్ జేయరాదు?"

"రెండు లైన్లకు గింతసేపా? ఎగ్జామ్ల గిట్ల సదివితే కొశ్చెన్ పేపర్ వాపస్ గుంజుకుంటరు."

"మీ తీరుగ సదివితే జవాబులే రావు."

వారం తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. రెండు వారాలకు గైడులో భారతదేశ నదుల పేజీ దగ్గరే మూడు రోజులు ఆగిపోయారు. చదువు సాగకపోవడానికి కారణం నదులు కావని మీకు నేను చెప్పనక్కర్లేదు.

శ్రావణంలో ఒక సాయంత్రం కుండపోత వాన. ఆత్మారాం దగ్గర గొడుగు ఒక్కటే ఉంది. స్టేషన్ దాకా దిగబెట్టాడు. గొడుగంతా ఆమె మీదే, వానంతా అతని మీదే. సుగుణ ఓరకంట చూసింది. చొక్కా తడిసి, జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉన్నా మనిషి మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఆ క్షణాన సుగుణకు ఇతనంటే ఇష్టమని తెలిసిపోయింది. వెంటనే భయం కూడా వేసింది.

ఎందుకంటే ఇద్దరిదీ ఒకటే కులం, అక్కడ చిక్కులేదు. కానీ ఇంటిపేరు కూడా ఒకటే. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస. ఎంత దూరపువాళ్లైనా, ఒకరి మొహం ఒకరు ఎరగకపోయినా సరే, ఆ వరసకు మినహాయింపు లేదు.

రాఖీ పున్నమి నాడు ఆత్మారాం ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వచ్చాడు.

"గట్ల చేతులు దాసుకున్నవేంది?"

"నువ్వు ముడేస్తవేమోనని భయం."

"నేనెయ్య," అన్నది సుగుణ, పుస్తకంలోకే చూస్తూ.

"అయితే ఇగ వేరే ముడి నేనేస్త. ఒప్పుకుంటవా?"

సుగుణ గబుక్కున తలెత్తింది. అతను నవ్వడం లేదు. ఆమె చెవుల దాకా ఎర్రబడిపోయింది. "సైలెన్స్!" అని అరిచాడు రామస్వామి. పాపం, ఆ సమయంలో అక్కడ ఎవరూ మాట్లాడటమే లేదు.

ఇంటికి వెళ్లాక సుగుణ ధైర్యం కూడగట్టుకుని కాస్త వంకరగా అడిగి చూసింది. "బాపూ, నిజామాబాద్ల గూడ పులోళ్లు ఉన్నరంట."

ఆమె తండ్రి హన్మాండ్లు షుగర్ ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూకం వేసే కాంటా దగ్గర పనిచేస్తాడు. బుర్రమీసాలు, గట్టి గొంతు. బండివాళ్లంతా 'పులి సాబ్' అంటే ఆయనకు ఒళ్లు పులకరిస్తుంది.

"ఉంటే నీకు అన్నదమ్ములే బిడ్డా. పులి ఏడున్నా పులే," అని మీసం దువ్వాడు. "అన్నట్టు, భీమ్‌గల్ సంబంధమోళ్లు దసరా ఎల్లినంక వస్తమన్నరు. చీర కొనుక్కో."

మూలన కూర్చున్న నానమ్మ భీమవ్వ ఏదో అనబోయి, నోరు మూసుకుని, తమలపాకు నమలసాగింది.

మర్నాడు సుగుణ లైబ్రరీలో కళ్లనీళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆత్మారాం గైడు మూసి పక్కన పెట్టాడు.

"ఏడుస్తె ఇంటిపేరు మారుతదా? మనం ఒక ఇంటోళ్లమా కాదా, మొదలు గది తేలాలె. మీ తాతది ఏ ఊరు?"

"ముప్కాల్ దిక్కట. పేరు చిన్నయ్య. చెరకు పనికి బోధన్ వచ్చిండట. ఒక్కడే కొడుకు, ముందటోళ్లు ఎవ్వరు లేరు."

"మా తాత రాజనర్సు, రెంజల్. దేవులాడుదాం. గింత పెద్ద లైబ్రరీల కూసోని వేరే ఏడనో అడుగుడెందుకు?"

అలా వెతుకులాట మొదలైంది. పాత ఓటర్ల జాబితాల్లో ఇద్దరివీ పులి ఇళ్లే. అంతకు ముందువన్నీ ఉర్దూలో ఉన్నాయి. ఇద్దరికీ ఉర్దూ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. కిటికీ పక్కన రోజూ ఉర్దూ పేపరు చదివే రిటైర్డ్ టీచర్ మొయినుద్దీన్ సాబ్ దగ్గరికి చెరకు రైతుల, కూలీల పాత జాబితా ఒకటి తీసుకుపోయారు. ఆయన అద్దాలు ముక్కు మీదికి జార్చి, వేలితో ఒక్కో వరసా తడుముతూ పోయాడు.

"ఇగో, బోధన్ కింద చిన్నయ్య. రెంజల్ కింద రాజనర్సు. ఇద్దరికీ ముందట ఒకటే తీరుగ రాసుంది. మూడక్షరాలు: పే, లామ్, యే."

సుగుణ కాగితం మీదికి వంగింది. "అంటే ఇద్దరిదీ పులే కదా సాబ్?"

"పులి అని ఎవరన్నరమ్మా?" ఆయన తలెత్తాడు. "ఉర్దూల కొమ్ములు, గుడులు ఎవ్వరు రాయరు. ఒత్తు గూడ పెట్టరు. సదివేటోడు సమజ్ చేసుకోవాలె. గిది పులి అయితది, పల్లి అయితది." మీసాల చాటున నవ్వాడు. "పిల్లి గూడ అయితది."

ఆత్మారాం సుగుణ వైపు తిరిగాడు. సుగుణ ఆత్మారాం వైపు తిరిగింది.

"మీరే పిల్లోళ్లు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ రోజు రామస్వామి ఇద్దరినీ నిజంగానే బయటికి పంపాడు.

ఆదివారం ఆత్మారాం సైకిల్ మీద రెంజల్ పోయి, వాళ్ల పాత బావి దగ్గర ముళ్లు కొట్టి, రాయి మీద తెలుగులో చెక్కిన 'పులి రాజనర్సు' చూసి వచ్చాడు. కాబట్టి పులి వాళ్లదే. మరి చిన్నయ్య పేరు తెలుగులో ఎక్కడ దొరుకుతుంది? రోజులు గడిచాయి. దసరా దాటిపోయింది. భీమ్‌గల్ వాళ్లు వచ్చే శుక్రవారం వస్తామని కబురు చేశారు.

దొరికింది చివరికి రామస్వామి కాళ్ల కిందే. ఆయన కాళ్లు పెట్టుకునే చెక్కపెట్టెలో, ఎప్పుడో మూతపడ్డ బోధన్ పఠనాలయం నుంచి వచ్చిన కాగితాలున్నాయి. అందులో సభ్యుల రిజిస్టరు తెలుగులో ఉంది. తెల్లకాగితం పచ్చబడి, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఆత్మారాం ఒక్కో పేజీ ఊపిరి బిగబట్టి తిప్పాడు. ఒక చోట ఆగాడు. రిజిస్టరును సుగుణ వైపు జరిపాడు.

సుగుణ చదివింది. మళ్లీ చదివింది. లేచి నిలబడి, లైబ్రరీ అని కూడా చూడకుండా కేకేసింది.

"నేను పిల్లినీ!"

రిజిస్టరు బయటికి ఇవ్వరు. జిరాక్స్ చూపిస్తే హన్మాండ్లు నమ్మడు. గురువారం నాడు సుగుణ తండ్రినీ నానమ్మనూ రైలెక్కించి లైబ్రరీకే తీసుకొచ్చింది. వచ్చాక దాచలేదు. తండ్రి కళ్లలోకి చూసి చెప్పేసింది.

"బాపూ, ఈయన పేరు ఆత్మారాం. నేను ఈయననే చేసుకుంట. పులోళ్ల పిల్లగాడు, రెంజల్ల పాత బావి కాడ ముండ్లు కొట్టి రాయి మీద వాళ్ల తాత పేరు సూసొచ్చిండు. ఇంటిపేరు ఒకటి, అడ్డమని నువ్వంటవ్. అడ్డం లేదు. మనం పులోళ్లం కాదు."

హన్మాండ్లు మీసాలు అదిరాయి. "ఏమన్నవ్?"

ఆత్మారాం నమస్తే పెట్టి రిజిస్టరు తెరిచాడు. అక్కడ సభ్యుడి సంతకం గుండ్రటి అక్షరాలతో ఉంది: పిల్లి చిన్నయ్య, బోధన్. స్వగ్రామం ముప్కాల్.

హన్మాండ్లు చదివాడు. మొహం కందగడ్డయింది. "చిన్నయ్యలు లోకంల ఎందరు లేరు? గీ పిల్లి చిన్నయ్య ఎవడో నాకెర్క లేదు. నేను పులిని. నడువు బిడ్డా, ఇంటికి."

సుగుణ కుర్చీ పట్టుకుని అక్కడే నిలబడింది.

అప్పుడు రామస్వామి అద్దాలు సవరించుకుని రిజిస్టరు మీదికి వంగాడు. ఆయనకు పెళ్లితో పనిలేదు, పుస్తకాలతోనే పని. "ఇగో, గీయన గొడ్ల వైద్యం పుస్తకం తీస్కపోయిండు. వాపస్ ఇచ్చినట్టు సంతకం లేదు. ఎవడో గని, లైబ్రరీ పుస్తకం మింగిన దొంగ!"

"దొంగ అనకు!" హన్మాండ్లు గొంతు హాలంతా మోగింది. "మా బాపు మింగలే! గడబిడల పఠనాలయం మూత పడ్డది, ఎవలకియ్యాలె? ఎర్రగుడ్డల సుట్టి సందుకల దాసిండు. పానం పోయేటప్పుడు గూడ, మల్ల తెరిస్తే ఇచ్చి రా అన్నడు. గా గొడ్ల పుస్తకం ఇప్పటికీ మా ఇంట్ల..."

అంతే. మాట మధ్యలో ఆగిపోయింది. హాలులో ఉన్న పాతికమంది పేపర్ల మీదుగా ఆయన్నే చూస్తున్నారు.

భీమవ్వ పకపకా నవ్వేసింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఇగ నా ఒట్టు తీరింది కొడుకా. నేను కాపురానికొచ్చిన్నాడు నన్ను పిల్లోళ్ల కోడలనేటోళ్లు. ఊరోళ్లు మ్యావ్ మ్యావ్ అని సతాయిస్తే మీ బాపు గుడ్లల్ల నీళ్లు తీసేటోడు. నిన్ను బడిల ఏసిన్నాడు ఉర్దూ కాగితం సూసి కొత్త పంతులు పులి అని రాసుకున్నడు. మీ బాపు ఇంటికొచ్చి ఎగిరి గంతేసిండు! నీ నోటితోని ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

"నాకన్న చెప్పరాదే అవ్వా, ఇన్నేండ్లు?" హన్మాండ్లు గొంతు చిన్నబోయింది.

"నేను చెప్పలే. ఆయనే రాసిండు గదా, సదువు."

హన్మాండ్లు కుర్చీలో కూలబడ్డాడు. తండ్రి చేతిరాతను వేలి కొనతో మెల్లగా తాకాడు. కాంటా దగ్గర ఎంతటి చెరకు బండినైనా ఒక్క కేకతో ఆపే మనిషి, ఇప్పుడు మీసం తడుముకోవడం కూడా మరిచిపోయాడు. సుగుణకు జాలేసింది. పోయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మంచిది," అన్నాడు రామస్వామి, ఎవరి బాధా పట్టనట్టు తెల్లకాగితం ముందు పెట్టి. "ఫలానా చిన్నయ్య కొడుకును, పుస్తకం తెచ్చిస్త అని రాసియ్యుండ్రి. ఇంటిపేరుతోని, పూర్తిగ."

హన్మాండ్లు కలం తీసుకున్నాడు. ముందుగా 'ప' రాశాడు. కలం ఆగింది.

కిందికి కొమ్ము దిగితే అంతా అయిపోయినట్టే. శుక్రవారం భీమ్‌గల్ వాళ్లు వస్తారు. ఆత్మారాం చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. సుగుణ తండ్రి చేతినే చూస్తోంది.

హన్మాండ్లు తలెత్తి ఆత్మారాంను ఎగాదిగా చూశాడు. "రెంజల్ బావి కాడికి నువ్వే పోయినవా?"

"అవునండి. సైకిల్ మీద."

"ముండ్లు గూడ కొట్టినవా?"

"కొట్టిన."

"ఊఁ," అన్నాడు హన్మాండ్లు.

కలం పైకి పోయింది. 'ప' నెత్తిన గుడి పెట్టాడు. ఆ పక్కన 'ల్లి' రాశాడు. హన్మాండ్లు అని పూర్తిచేసి, కాగితం రామస్వామి వైపు తోసి, కూతురితో అన్నాడు:

"భీమ్‌గల్‌కు రేపు పొద్దుగాల నేనే పోయి చెప్పొస్త. పెండ్లి పత్రికల మన ఇంటిపేరు పెద్దక్షరాలతోని కొట్టియ్యాలె. సూసి నవ్వేటోళ్లను నేను సూసుకుంట."

సుగుణ తండ్రిని గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆత్మారాం వైపు చూసింది. ఇన్ని నెలల్లో ఓరకంట కాకుండా, పుస్తకం అడ్డం లేకుండా, అందరి ముందూ తలెత్తి అతన్ని చూడటం అదే మొదలు. ఆత్మారాం కూడా కళ్లు దించుకోలేదు.