ఎర్ర లైటు

"నా గుంతని ఎందుకు పూడ్చేస్తున్నారండీ?"

షో అయిపోగానే లైటింగ్ గదిలోకి విసురుగా వచ్చి, కమెడియన్ అడిగిన మొదటి మాట అది. ఆపరేటరమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి అతణ్ణి ఎగాదిగా చూసింది.

స్టాండప్ అంటే అందరూ పెళ్లాల మీద జోకులేస్తుంటే, మనవాడు మాత్రం స్టేజీ మీద రిబ్బను కట్టి, మంత్రిగారంత గంభీరంగా రోడ్డు మీది గుంతకి ప్రారంభోత్సవం చేస్తాడు. జనానికి నవ్వాలో చప్పట్లు కొట్టాలో అర్థం కాదు. తీరా గుంతని జాతికి అంకితం చేసే వేళకి హాలు వెనక ఎర్ర లైటు వెలుగుతుంది. టైమైపోయింది, దిగిపొమ్మని దానర్థం. ఆ స్విచ్ ఉండేది ఈ అమ్మాయి దగ్గరే.

"ప్రతి వారం ముందే వెలిగిస్తున్నారు. నేనంటే అంత చిరాకా?"

"చెయ్యి తగులుతోందండీ, పొరపాటున."

"సరిగ్గా అక్కడే తగులుతుందా?"

ఆమె ముఖం కందిపోయింది. తల వంచుకుని వైర్లు సర్దుకోసాగింది. ఆ వంచిన తలని చూడగానే అతని కోపం సగం చల్లారిపోయింది. అందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

బయట హాలు ఓనరు కాచుకుని ఉన్నాడు. "ఈసారి కూడా జనం నవ్వకపోతే నీ శనివారం ఇంకొకళ్లకి ఇచ్చేస్తానబ్బాయ్."

"అలాగే సార్," అన్నాడు నీరసంగా.

శనివారం వచ్చింది. వానలో తడిసిన గొడుగులతో హాలంతా నిండింది. అతను పెళ్లి కాకుండానే పెళ్లాం మీద జోకులు మొదలుపెట్టాడు. జనం నవ్వారు. ముందు వరసలో ఓనరు కూడా నవ్వాడు. అతనికి మాత్రం ఏడుపొచ్చింది. జోకులన్నీ అయిపోయాయి గానీ ఎర్ర లైటు వెలగలేదు.

"ఆపరేటర్ గారూ, లైటు పాడైందా?" అన్నాడు మైకులో.

"లేదండీ," అంది గదిలోని మైకులోంచి ఆమె గొంతు.

"మరి? టైమెప్పుడో అయిపోయిందిగా!"

"నవ్వు రాలేదండీ."



"నవ్వుకీ లైటుకీ ఏంటండీ సంబంధం?"

"ఇక్కడ నేను నవ్వితే రికార్డింగులో పడుతుంది. అందుకని మీ గుంత రాగానే నోరు మూసుకుని బల్ల మీద పడిపోతాను. మోచెయ్యి స్విచ్ మీద పడుతుంది. మీ షోకి నేను గడియారం చూడ్డమే మానేశాను."

"ముందే చెప్పొచ్చుగా!"

"మా బాబాయి తిడతారని. అదిగో, ముందు వరసలో ఉన్నారు."

హాలు గొల్లుమంది. అతను గబగబా రిబ్బను కట్టేశాడు. శనివారం పోతే పోయిందనుకుని గుంత కథ ఎత్తుకున్నాడు. ఈసారి జనం మెడలు తిప్పి వెనక్కి చూస్తూ కూర్చున్నారు. "ఈ గుంతని జాతికి..." అనేసరికి ఎర్ర లైటు వెలిగింది. హాలంతా పగలబడి నవ్వింది. ఓనరు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ముఖ్య అతిథి గారు వేదిక మీదకి రావాలి," అన్నాడతను, కత్తెర చాపి.

ఆమె పరుగున వచ్చింది. "ప్రారంభోత్సవం గుంతకేనా?" అంది మెల్లగా.

"మీరు ఒప్పుకుంటే మనిద్దరికీ. మీ నవ్వంటే నాకు ప్రాణమండీ. ఇంతకాలం దాన్ని ఎర్ర లైటనుకుని భయపడ్డాను."

ఆమె కత్తెర అందుకుని, నవ్వాపుకోకుండా రిబ్బను కత్తిరించింది.

"లైటు వెలుగుతూనే ఉంది, ఇక దిగండి!" అని అరిచాడు ఓనరు.

"ఇంకో అయిదు నిమిషాలు, బాబాయిగారూ!"

ఓనరు అతణ్ణి గుర్రుగా చూసి, తానే లేచి లైటింగ్ గదిలోకి వెళ్లాడు. ఎర్ర లైటు ఆరిపోయింది.