పిచ్చుక వంతు

కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, నర్సమ్మ ఫోన్ తెరిచింది. తెరిచి మూసింది. మళ్ళీ తెరిచింది. ఫోన్ తనదే, సందేహం లేదు. మూల మీద పగులు తనదే, వెనక అతికించిన పువ్వు బొమ్మ తనదే. లోపల మాత్రం ఎవరో సామానంతా సర్దుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినట్టుంది. నిన్నటి రంగురంగుల గుర్తులన్నీ పోయి, బూడిద రంగు బొమ్మలు నాలుగు దిక్కులు చూస్తున్నాయి.

ఆమె ఆస్పత్రిలో నర్సుగా జీవితమంతా పనిచేసి రిటైరైంది. వీధిలో అందరికీ నర్సమ్మే. ఎంతటి జ్వరాన్నైనా చెయ్యి వేసి చెప్పగలదు గానీ, ఈ ఫోన్‌కు ఏం రోగం వచ్చిందో అంతు పట్టలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇలా రా ఒకసారి."

కొడుకు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. మునిగిపోతున్న మనిషిని ఒడ్డుకు లాగినవాడి వెలుగు ఉంది ముఖంలో.

"చూశావా అమ్మా, అయిపోయింది. ఇకనుంచి నీ ఫోన్ నీది."

"నిన్నటిదాకా ఎవరిది?"

"కంపెనీది."

"కొన్నది నేను కదరా."

"కొన్నది నువ్వే. ఏలేది వాళ్ళు. అదే కదా నేను మొత్తుకునేది," అని బ్రష్షు తీసి ఉపన్యాసం అందుకున్నాడు.

ఈ ఉపన్యాసానికి ఒక కారణముంది. కొడుకు కంప్యూటర్ల ఆఫీసులో పనిచేస్తాడు. వీధి చివరికి బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే చిన్న యాప్ ఒకటి తీరిక వేళల్లో తనే రాసుకున్నాడు. తనకూ, భార్యకూ, ఇంకో పదిమంది ఇరుగుపొరుగుకూ అది పనికొచ్చేది. మొన్నామధ్య ఫోన్‌లో ఏదో మార్పు వచ్చింది. యాప్ రాసినవాడు ఎవడైనా ముందు కంపెనీ దగ్గర పేరూ ఊరూ గుర్తింపు కాగితాలూ నమోదు చేసుకోవాలట. లేకపోతే దాన్ని పెట్టుకోనివ్వదట, అదీ మన మంచికేనట. నా చేత్తో నేను రాసింది నా ఫోన్‌లో నేను పెట్టుకోవడానికి వాడి అనుమతేమిటని కొడుక్కి ఒళ్ళు మండిపోయింది. నిజానికి అందులో న్యాయం లేకపోలేదు. కానీ న్యాయం దొరికినవాడికి ఆగడం తెలియదు. కంపెనీ పొడ గిట్టని కొందరు కలిసి ఉచితంగా తయారుచేసి పెట్టిన, ఫోన్‌ను నడిపే వేరే వ్యవస్థను ముందు తన ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. తర్వాత కోడలి ఫోన్ వైపు చూశాడు.

"ముట్టుకున్నారంటే ఊరుకోను," అందామె. ఆమెది మందుల షాపులో ఉద్యోగం. "నా బ్యాంకూ, షాపు స్టాకూ అన్నీ అందులోనే ఉన్నాయి. స్వాతంత్ర్యం మీరు తెచ్చుకోండి. నాకు బస్సు టైము చాలు."

ఇక మిగిలింది తల్లి ఫోన్. నిన్న సాయంత్రం ఆమె బఠాణీలు ఒలుస్తూ టీవీ చూస్తుంటే, "అమ్మా, నీ ఫోన్ కూడా బాగు చేసేయనా?" అని అడిగాడు. "నీ ఇష్టంరా," అంది ఆమె, తల తిప్పకుండా. తల్లులు రోజుకు పదిసార్లు అనే మాట అది. దాన్ని సంతకంగా తీసుకుంటారని ఆమెకేం తెలుసు?

"అదంతా సరే. నా చదరంగం ఏది?" అంది ఇప్పుడు.

"అది తీసేయాల్సి వచ్చిందమ్మా. నువ్వెక్కడున్నావో, ఎప్పుడు లేచావో అన్నీ వాళ్ళకు మోస్తుంది అది. ఇదిగో, ఇంకో చదరంగం పెట్టాను. కంప్యూటర్‌తో ఆడుకోవచ్చు, ఎవరూ చూడరు."

"నాకు కంప్యూటర్‌తో వద్దు. పాతదే కావాలి."

"ఆటే కదమ్మా. ఏదైతేనేం?"

ఆమె చల్లారిన కాఫీ తీసుకెళ్ళి సింకులో పారబోసింది. ఆటే కదా అన్నవాడికి ఏం చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండేళ్ళ కిందట ఆ పాత చదరంగం యాప్‌లో 'పిచ్చుక' అని పేరు పెట్టుకుంది. చిన్నప్పుడు అన్నయ్య తనను పిలిచిన పేరది. ఒకరోజు ఎవరో ఆటకు పిలిచారు. ఫొటో ఉండాల్సిన చోట బూడిద రంగు తలకాయ, పేరుకు బదులు అక్షరాలూ అంకెలూ కలిసిన పెద్ద తోక. తెల్లపావులు అవతలి మనిషివి. ఆ మనిషి గుర్రాన్ని బయటికి తీశాడు. రెండో ఎత్తులో దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ మొదటి గడిలోనే కట్టేశాడు. నర్సమ్మ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. అన్నయ్య అలాగే ఆడేవాడు. గుర్రాన్ని షికారు తిప్పి తెచ్చి, "చెల్లికి రెండడుగులు ముందు," అనేవాడు. లోకంలో ఇంకెవరాడతారు అలా, కావాలని ఎత్తులు పారేసుకుంటూ?

ఆ అన్నయ్యతో ఆమెకు మాటల్లేవు. తల్లి ఆఖరి రోజుల్లో ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రిలో మొరపెట్టుకుంటే, ఇక మందులతో లాభం లేదని తెలిసిన నర్సు గనుక, తీసుకొచ్చింది. నాలుగు రోజులకు తల్లి తన మంచం మీదే కన్నుమూసింది. "నర్సువై ఉండి అమ్మను నువ్వే చంపావు," అన్నాడు అన్నయ్య, పదిమందిలో. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నీ గడప తొక్కనని ఆమె అంది. ఇద్దరూ మొండిఘటాలే. ఒకే ఊళ్ళో ఉంటూ ఏళ్ళు గడిపేశారు.

అప్పుడు ఈ ఆట వచ్చింది. రోజూ పొద్దున అతనొక ఎత్తు, తనొక ఎత్తు. మాటలు రాసుకునే చోటు ఉన్నా ఇద్దరూ ఒక్క అక్షరం రాయలేదు. రాస్తే ఎవరో ఒకరు తగ్గాలి. ఆడితే ఎవరూ తగ్గక్కర్లేదు. అవతల ఉన్నది అన్నయ్యేనా అని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. ప్రతి కొత్త ఆటలోనూ గుర్రం తిరిగి లాయానికి రాగానే ఆ అనుమానం పోయేది. ఇప్పుడు తన వంతు వచ్చి ఉంటుంది. మూడు రోజుల్లో ఎత్తు వేయకపోతే ఆట విడిచి పారిపోయినట్టే లెక్క.

సాయంత్రం తల్లి ముఖం చూసి కొడుకు మెత్తబడ్డాడు. ఆ చదరంగం యాప్‌ను కొత్త వ్యవస్థలో ఎక్కించబోయాడు. 'ఈ ఫోన్ నమ్మదగినది కాదు' అని అది తలుపు మూసేసింది.

"చూశావా వాళ్ళ దౌర్జన్యం?" అన్నాడు.

"దౌర్జన్యం తర్వాత చూద్దాం. అత్తయ్య కోసం నా ఫోన్‌లో పెట్టండి," అంది కోడలు.

అక్కడ యాప్ వచ్చింది గానీ పాత ఖాతా తెరుచుకోలేదు. అది ఆమె తర్వాత వదిలేసిన పాత ఫోన్ నంబరు మీద ఉంది. ఓటీపీ అనే రహస్య సంఖ్య ఆ నంబరుకే పంపుతానని యాప్ కంపెనీ పట్టుబట్టింది. సరే, కొత్త ఖాతా తెరుద్దామని 'పిచ్చుక' అని కొట్టాడు కొడుకు.

"ఆ పేరు ఎవరో వాడుతున్నారట, కుదరదంటోంది."

"ఎవరు?"

కొడుకు నెత్తి గోక్కున్నాడు. "నువ్వేనమ్మా."

నర్సమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవతలి మనిషి తోక పేరు గుర్తులేదు, తలకాయ బొమ్మలు లక్షల్లో ఉన్నాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఈ ఇంటి కోసమే పుట్టినట్టుంది.

మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర ఆమె కంచం ముందు ఊరికే కూర్చుంది.

"ఒక ఆట కోసం ఇంత పట్టుదలేమిటమ్మా?" అన్నాడు కొడుకు. "నేను చేసింది నీ మంచికే కదా."

"మంచికే. కాదనలేదు. నాకొకటి అర్థం కావట్లేదురా, నిజంగానే అడుగుతున్నాను. ఆ కంపెనీవాడు కూడా నీ మంచికే చేశానన్నాడు కదా. వాడి మీద నీకెందుకు కోపం?"

"వాడు నన్ను అడక్కుండా..." అని కొడుకు ఆగిపోయాడు.

"నువ్వు అడిగావు. నేను బఠాణీలు ఒలుస్తున్నాను."

కోడలు తలొంచుకుని మజ్జిగ కలుపుకుంటూ, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు," అని గొణిగింది.

అప్పుడు చెప్పింది నర్సమ్మ. గుర్రం సంగతీ, పిచ్చుక సంగతీ, ఆ రోజు పదిమందిలో పడ్డ మాటా. కొడుకు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తల్లికి మేనమామతో మాటల్లేవని తెలుసు గానీ, ఇంత సన్నని దారంతో ఇంకా ముడిపడి ఉన్నారని, దాన్ని తనే తెంపేశాడని అతనికి ఇప్పుడే తెలిసింది.

"నన్ను క్షమించమ్మా. ఇప్పుడే మావయ్యకు ఫోన్ చేస్తాను."

"వద్దు. ఆయన కాకపోతే? తలొంచుకుని వెళ్ళి, ఎవరినో నువ్వనుకుని వచ్చానని చెప్పనా?"

"అత్తయ్యా," అంది కోడలు మెల్లగా, "ఆడింది ఆయన కాకపోతే మీకు ఆయన్ను చూడాలని ఉండదా?"

మర్నాడు పొద్దున లేచి నర్సమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. కొడుకు మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు.

అన్నయ్యది పటాలు కట్టే దుకాణం. సందు చివర, ఇరుకు గదిలో, గోడ నిండా ఖాళీ ఫ్రేములు. రంపపు పొట్టు, జిగురు వాసన. ఆయన గాజు కోస్తూ కళ్ళద్దాల మీదుగా చూశాడు. జుట్టంతా తెల్లబడింది, చొక్కా వదులైపోయింది. చేతిలో గాజు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"పిచ్చుకా," అన్నాడు.

దారంతా కూడబలుక్కున్న మాటలు ఆమెకు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేను ఆట విడిచి పారిపోలేదు అన్నయ్యా. వీడు ఫోన్ మార్చేశాడు. అందుకే మూడు రోజులుగా ఎత్తు వేయలేదు."

"ఏ ఎత్తు?"

"అదే, మన చదరంగం. ఫోన్‌లో."

ఆయన జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన మీటల ఫోన్ తీసి చూపించాడు. "ఇందులో నంబరు నొక్కడమే నాకు గగనం. చదరంగమా?"

నర్సమ్మ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. అయితే ఆ మనిషి ఎవరు? రెండేళ్ళు పొద్దున్నే తను ఎవరి కోసం లేచింది? తన కోపం కొంచెం కొంచెంగా కరిగిపోయింది కదా, మరి అది ఎవరి మీద కరిగింది? అంతా అయోమయంగా ఉంది. గుర్రం కథ మొత్తం చెప్పింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

"ఎవడో నాలాంటి వెర్రివాడు ఇంకొకడున్నాడన్నమాట. అయితే నాకు చెప్పకుండానే నన్ను క్షమించేశావా?"

"నీకు తెలియదని నాకేం తెలుసు?"

ఆయన చేతికంటిన జిగురును చాలాసేపు గోటితో గీరుకున్నాడు.

"అమ్మ ముందు నన్నే అడిగింది, ఇంటికి తీసుకుపొమ్మని. నీకంటే ముందు. నాకు ధైర్యం చాలక వినిపించనట్టు నటించాను. నీకు ధైర్యం ఉంది, తీసుకెళ్ళావు. అది చూసి ఓర్చుకోలేక అన్నాను ఆ మాట. మర్నాడే తప్పని తెలుసు. వచ్చి చెప్పడానికి కూడా మళ్ళీ అదే ధైర్యం కావాలి కదా."

నర్సమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్నాళ్ళుగా ఆ మాటను గుండెల్లో మోసింది. అది దిగిపోతుంటే ఏడుపు ఆగలేదు.

ఆయన లేచి గోడ మీంచి ఒక పటం దింపాడు. దేవుడిదీ కాదు, మనుషులదీ కాదు. అంచులు చిరిగిన అట్టముక్క, నలుపూ తెలుపూ గళ్ళు. చిన్నప్పటి చదరంగం అట్టకు గాజు వేసి పటం కట్టుకున్నాడు. "ఆడేవాళ్ళు లేరని తగిలించాను," అంటూ వెనక మేకులు ఒక్కొక్కటే పీకాడు. జిగురు డబ్బాల పక్కన ఉన్న రేకు డబ్బాలోంచి పావులు పోశాడు.

గడప దగ్గర నిలబడ్డ కొడుకు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నీ ఫోన్‌లో మళ్ళీ కంపెనీదే ఎక్కించనా, ఇదే ఉంచనా? ఈసారి సరిగ్గా అడుగుతున్నాను."

నీ ఇష్టం అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"రెండింటిలో ఏముందో నాకు తెలిసేలా చెప్పు. విన్నాక నేనే చెబుతాను," అంది. "కానీ ఆ మనిషికి మాత్రం ఎలాగైనా కబురు పంపాలిరా. ఎవరో పాపం, పిచ్చుక అలిగి వెళ్ళిపోయిందనుకుంటాడు."

అన్నయ్య తెల్లగుర్రాన్ని బయటికి తీశాడు. ఆమె ఒక బంటు జరిపింది. ఆయన గుర్రాన్ని వెనక్కి తెచ్చి దాని గడిలో నిలబెట్టాడు.

"నీ వంతు," అన్నాడు.

కళ్ళ నిండా నీళ్ళు నిలిచి గళ్ళన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నర్సమ్మ తడుముకుని ఇంకో బంటును జరిపింది.