పక్క సీటు అద్దం

"నా కొడుకుని చంపబోయారు నాయనా! నిన్న అద్దంతో పోయింది. రేపు ప్రాణం మీదికి రాదని ఏమిటి నమ్మకం?"

తిరువూరు ట్రావెలర్స్ బంగళా ముందు రిక్షా దిగుతూనే సీతారావమ్మ అన్న మాటలివి. ఆమె చేతిలో గొడుగు ఉంది కానీ తెరవడం మరిచిపోయింది. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు మే నెల ఎండకి ముఖం కందిపోయి ఉంది.

డిటెక్టివ్ రాయప్ప చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. బెజవాడలో ఆయన పేరు చెబితే ఇన్సూరెన్సు కంపెనీలకు ధైర్యం, దొంగ క్లెయిములు పెట్టేవాళ్లకు దడ. రెడ్డిగూడెం దగ్గర బోల్తాపడిన మామిడికాయల లారీ సంగతి తేల్చడానికి ఈ ఊరొచ్చాడు. వెంట అసిస్టెంటు ఏడుకొండలు ఉన్నాడు. హెడ్ కానిస్టేబులుగా రిటైరైన ఏడుకొండలు, తన సర్వీసు మొత్తంలో రాయప్పలాంటి బుర్రను చూడలేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాడు.

"కూర్చోండమ్మా. ముందు మంచినీళ్లు తాగండి. ఎవరు మీ అబ్బాయి?"

"వేణుగోపాలం. నెమలి ఊరి గుళ్లో స్వామి పేరే పెట్టుకున్నాను. ముగ్గురు పోయాక నాకు నిలిచినవాడు."

కొడుకు తోటకి వెళితే పామేమోనని, బెజవాడ వెళితే బస్సేమోనని, ఇంట్లో పడుకుంటే జ్వరమేమోనని భయపడుతూనే సీతారావమ్మ ఇన్నేళ్లు బతికింది. మొన్న ఉగాదికి అతను అంబాసిడర్ కారు కొన్న రోజు ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంటే, ఆమె మాత్రం దేవుడి గదిలో కూర్చుని ఏడ్చింది.

"నిన్న మధ్యాహ్నం నా ఎదురుగా అన్నం తింటున్నాడు. పెరుగు వేస్తున్నాను. ఢామ్మని తుపాకీ పేలినట్టయింది! గిన్నె జారిపోయింది నా చేతిలోంచి. పరిగెత్తుకెళ్లి చూస్తే షెడ్డులో కారు అద్దం పగిలి ఉంది. ఎటువైపుదనుకున్నావ్? ముందు, పక్క సీటు వైపుది. నా కొడుకు కూర్చునేది అక్కడే! గేటు దగ్గర లాజరు నిలబడి ఉన్నాడు."

"లాజరెవరు?"

"మా డ్రైవరు. మా తోటలో పనికొచ్చే మేరమ్మ కొడుకు. వాడికి ఆర్టీసీలో డ్రైవరు ఉద్యోగం వచ్చిందట. సోమవారం చేరాలి, మానేస్తానన్నాడు నిన్న పొద్దున. మావాడు కేకలేశాడు. ఆ కోపంతో రాయి విసిరాడు. ఎస్సైగారు సాయంత్రమే స్టేషనుకి తీసుకెళ్లారు. కానీ నాయనా, ఒట్టి లాజరుకి అంత ధైర్యం ఎక్కడిది? వాడి వెనక ఎవరో ఉన్నారు. వాళ్లెవరో నువ్వు తేల్చాలి."

"పోలీసు కేసయితే ఆర్టీసీ వాళ్లు చేర్చుకోరు సార్. ఆ కుర్రాడి పని అయిపోయినట్టే," అన్నాడు ఏడుకొండలు.

సీతారావమ్మ కొంచెం తటపటాయించింది. "ఏమీ అనుకోకు నాయనా. మీరూ, వాళ్లూ ఒకే మతం గదా..."

ఏడుకొండలు పకపకా నవ్వాడు. "ఆ భయం పెట్టుకోకండమ్మా! కిందటేడు మా సారు సొంత బావమరిదినే పట్టించారు. ఇప్పటికీ వాళ్లింట్లో ఈయనకి కాఫీ నీళ్లు పుట్టవు."

రాయప్ప నవ్వలేదు. "మీకు శత్రువులున్నారా అమ్మా?"

"ఏడుపుగొట్టు కళ్లకి కొదవేముంది? అందుకే చెయ్యాల్సినవన్నీ చేశాను. నెమలిలో పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు మిరపకాయల దండ, వారం వారం గుమ్మడికాయ దిష్టి. ఎ.కొండూరు పెద్దాయన దగ్గర రక్ష కూడా చేయించాను. ఇన్ని చేసినా చూడు!"

"ఆ రక్ష ఎక్కడ కట్టారు?"

"అది చెప్పకూడదు. చెబితే పనిచెయ్యదు."

రాయప్ప తల ఊపి లేచాడు. "మీరు పదండి. నేను పోస్టాఫీసులో ఒక ట్రంకాల్ చేసుకుని మీ ఇంటికి వస్తాను."

*

ఇంటి ముందు రేకుల షెడ్డులో కారు గేటువైపు పక్క చూపిస్తూ నిలబడి ఉంది. పగిలిన కిటికీలోంచి లోపలి సీటు కనిపిస్తోంది. డిటెక్టివు వచ్చాడని వినగానే వేణుగోపాలం గబగబా బయటికి వచ్చాడు.

"కంపెనీ పంపిందా మిమ్మల్ని?"

"ఒక్క అద్దానికి కంపెనీ నన్ను పంపదండీ. మీ అమ్మగారు పిలిచారు."

అతను తల్లివైపు గుర్రుగా చూశాడు. "నీకేం పనీపాటా లేదా అమ్మా? ఎవరినంటే వాళ్లని వెంటేసుకొస్తావ్!"

"నీ మంచికే గదరా..." అని ఆమె స్తంభం చాటుకి జరిగింది.

రాయప్ప కారు చుట్టూ నింపాదిగా తిరిగాడు. "ఏమైందో చెప్పండి."

"చెప్పడానికేముంది? వరండాలో నిలబడి ఉన్నాను. లాజరు గాడు గేటు దగ్గరనుంచి రాయి తీసి విసిరాడు. నా కళ్లతో చూశాను."

స్తంభం చాటున సీతారావమ్మకి ఎక్కడో కలుక్కుమంది. వరండాలోనా? తాను పెరుగు వేస్తున్నప్పుడు గదా ఆ చప్పుడయింది! సరిగ్గా గుర్తులేదేమోలే, అప్పటికే లేచి చెయ్యి కడుక్కున్నాడేమో, గాభరాలో తనకేం తెలుస్తుంది అని సర్దిచెప్పుకుంది. గిన్నె జారినప్పుడు పెరుగు అతని పంచె మీద పడిన సంగతి మాత్రం ఎంత సర్దినా సర్దుకోలేదు.

"అద్దం అప్పుడు పైకెత్తి ఉందా, దించి ఉందా?"

"పూర్తిగా ఎత్తి ఉంది. దుమ్ము పడుతుందని నేనే ఎత్తించాను."

"ఆ రాయేది?"

"అద్దానికి కొట్టుకుని ఎటో ఎగిరిపోయింది. ఈ దొడ్డినిండా రాళ్లే. ఏ రాయని వెతకమంటారు?"

రాయప్ప సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు. పటికబెల్లం పలుకుల్లాంటి గాజు ముక్కలు పిడికెడు ఉన్నాయి. కింద నేల మీద మరికాసిని. కిటికీ పైచట్రంలో అద్దం వెళ్లి కూర్చునే రబ్బరు గాడిని వేలితో ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిమాడు. వేలు చూసుకున్నాడు. దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. తర్వాత తలుపు తెరిచి మూశాడు. లోపలెక్కడో గలగలమంది.

"ఏంటి సార్ అది?" అన్నాడు ఏడుకొండలు.

"తర్వాత చెబుతాను."

"ఇన్సూరెన్సు వస్తుందంటారా?" అని అడిగాడు వేణుగోపాలం.

"అది అద్దం ఎలా పగిలిందన్నదాన్నిబట్టి ఉంటుంది. ఎవరో కావాలని రాయి విసిరినా, దొంగ పగలగొట్టినా, ఇంకో బండి గుద్దినా మీ పాలసీ కింద కంపెనీ భరిస్తుంది. పోలీసు ఫిర్యాదు నకలు జతచెయ్యాలి, అంతే. బండిలోనే ఏదో తేడా వచ్చి దానంతటదే పగిలితే మాత్రం ఆ ఖర్చు మీదే." రాయప్ప అతని ముఖంలోకి చూశాడు. "ఇదంతా మీకు తెలిసే ఉంటుంది."

"నాకేం తెలుసు?" అన్నాడు వేణుగోపాలం చిరాగ్గా.

"సాయంత్రం ఎస్సైగారిని లాజరుతో సహా ఇక్కడికి రమ్మంటాను. మేరమ్మని కూడా పిలవండి. పొద్దు వాలకముందే తేలిపోతుంది."

*

సాయంత్రం షెడ్డు ముందు అందరూ చేరారు. ఎస్సైకి కుర్చీ వేశారు. లాజరు తలొంచుకుని నిలబడ్డాడు, రాత్రంతా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. మేరమ్మ గేటు లోపలికి రావడానికి కూడా భయపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"లాజరూ, నిన్న కారు షెడ్డులో పెట్టి ఏం చేశావ్?" రాయప్ప అడిగాడు.

"ఎండాకాలం గదా సార్, లోపల కొలిమిలాగా ఉంటది. రోజూలాగే అద్దాలన్నీ దించేశాను. పక్క సీటు వైపుది కిందికి పోతా పోతా పట్టేసింది. కిర్రుమంది. కొంచెం బలంగా తిప్పాను, దిగింది. తాళాలిచ్చి వెళ్లిపోయాను. క్యారేజీ మర్చిపోయానని మళ్లీ వస్తుంటే ఢామ్మంది."

"అబద్ధం! అద్దం ఎత్తి ఉంది!" వేణుగోపాలం అరిచాడు.

"చూద్దాం," అన్నాడు రాయప్ప. "ఏడుకొండలూ, ఆ వెనక అద్దం ఎత్తు."

అద్దం పైకి లేచి రబ్బరు గాడిలోకి వెళ్లి కూర్చుంది.

"ఎస్సైగారూ, చూడండి. ఎత్తి ఉన్న అద్దానికి రాయి తగిలితే ఈ గాడిలో పలుకులు ఇరుక్కుని ఉండాలి. పగిలినవైపు గాడి కడిగినట్టు ఉంది. అంటే పగిలేటప్పుడు అద్దం అక్కడ లేదు. కిందికి దిగి, తలుపు లోపల ఉంది. తలుపు లోపలున్న అద్దాన్ని గేటు దగ్గరనుంచి రాయితో ఎవరు కొట్టగలరు?"

ఎస్సై కుర్చీలోంచి లేచి వచ్చి తనూ గాడి తడిమి చూశాడు.

ఏడుకొండలు స్క్రూలు విప్పి తలుపు లోపలి అట్టను ఊడదీశాడు. కింద పట్టిన గంపలోకి గాజు పలుకులు జలజలా రాలాయి. చివరగా ఠంగుమని ఏదో పడింది. అందరూ వంగి చూశారు.

పసుపు దారం చుట్టిన ఇనప మేకు. అరచేయంత పొడుగుంది.

"ఇదీ అద్దాన్ని పగలగొట్టింది," అన్నాడు రాయప్ప. "ఈ రకం గాజు ఇంటి కిటికీ అద్దంలాంటిది కాదు. మధ్యలో గట్టిది, అంచు సున్నితం. అంచుకి ఇనుము గుచ్చుకుంటే అప్పుడే పగలొచ్చు, లేదా ఎండకి కాగి కాసేపటికి బాంబులా పేలొచ్చు. లాజరు బలంగా దించినప్పుడు అంచు ఈ మేకు మీద నొక్కుకుంది."

మరుక్షణమే వేణుగోపాలం గొంతు లేచింది. "చేతబడి! చూశారా ఎస్సైగారూ? మేకుకి పసుపు దారం! నన్ను చంపడానికే వీడూ వీడి తల్లీ కలిసి చేశారు!"

"అయ్యో ప్రభువా! మాకు అట్లాంటివేం తెలవ్వు బాబూ!" మేరమ్మ గేటు దగ్గరే కూలబడిపోయింది. ఎస్సై లాజరు వైపు ఒక అడుగు వేశాడు.

రాయప్ప సీతారావమ్మనే చూస్తున్నాడు.

ఆమె ఆ మేకు మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఆ దారానికి పసుపు రాసింది తను. కొడుకు కూర్చునే పక్కనే, ఎవరి కంటా పడకుండా ఉండాలని పెద్దాయన చెబితే, నిన్న తెల్లవారుజామున తలుపు అంచున ఉన్న సందులోంచి దాన్ని లోపలికి జారవిడిచింది తను. అది లోపల టంగుమన్నప్పుడు హమ్మయ్య అనుకుంది కూడా! నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఊళ్లో తల ఎత్తుకోవచ్చు. మేరమ్మ మట్టిలో కూర్చుని గుండెలు బాదుకుంటోంది.

"అది నాది," అంది సీతారావమ్మ.

"అమ్మా!"

"నాదేరా. నీకేమన్నా అవుతుందేమోనని నేనే వేశాను. లాజరుకేం తెలియదు. ఇంకో మాట కూడా ఉంది ఎస్సైగారూ. చప్పుడైనప్పుడు వీడు వరండాలో లేడు. నా ముందు పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. పెరుగు వీడి మీదే ఒలికింది. వీడు ఎవరినీ చూడలేదు."

రాయప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"మీరు చెప్పకపోతే నేను చెప్పాల్సి వచ్చేది తల్లీ. రక్ష అన్నారు, ఎక్కడో చెప్పనన్నారు. తలుపులో గలగల విన్నప్పుడే అనుకున్నాను. అన్నం సంగతి కూడా పొద్దున మీరే చెప్పారు." వేణుగోపాలం వైపు తిరిగాడు. "పొద్దున నేను ట్రంకాల్ చేసింది మీ ఇన్సూరెన్సు ఏజెంటుకే. ఈ చుట్టుపక్కల ఏజెంట్లంతా నాకు తెలిసినవాళ్లే. నిన్న అద్దం పగలగానే మీరు ఆయనకి ఫోను చేశారు. నిలబెట్టిన కారు అద్దం దానంతటదే పేలిందన్నారు. అలాగైతే రాదని ఆయన చెప్పాడు. ఎవరైనా రాయి విసిరితే వస్తుందా అని అడిగారు. ఆ తర్వాతే స్టేషనుకి వెళ్లారు. పైగా లాజరు ఆర్టీసీకి పోతున్నాడన్న కోపం ఒకటి. ఒక్క దెబ్బకి రెండూ తీరిపోతాయనుకున్నారు. కాదంటారా?"

వేణుగోపాలం గంపలోని పలుకుల వైపు చూపు తిప్పుకున్నాడు.

ఎస్సై టోపీ సర్దుకున్నాడు. "లాజరూ, నువ్వు వెళ్లు. నీ మీద కేసు లేదు. మీరు మాత్రం నాతో స్టేషనుకి రండి సార్. అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినందుకు మీ వాంగ్మూలం రాసుకోవాలి."

"చొక్కా మార్చుకుని వస్తా," అని వేణుగోపాలం కదిలాడు. తల్లి పక్కనుంచి పోతూ ఆగాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వు ఊరుకుని ఉంటే సరిపోయేది గదే అమ్మా. వాళ్లదేం పోయేది?"

సీతారావమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. దగ్గొస్తే రాత్రంతా ఎత్తుకు తిరిగిన ముఖం, ముద్ద మిగిల్చితే తనకి అన్నం సయించనివ్వని ముఖం. దాన్ని ఎప్పుడూ చూడనట్టుగా ఉంది.

ఆమె గబగబా గేటు దాకా వెళ్లింది. "మేరమ్మా, ఆగవే. పిల్లాడు పొద్దుటినుంచి ఏమీ తిని ఉండడు. ఇక్కడే నాలుగు ముద్దలు పెడతాను."

మేరమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని లేచింది. ఆమె గొంతులో కోపం లేదు. "వద్దమ్మగారూ. వాడు బస్సెక్కి పోయేదాకా నేను ఎవరింట్లోనూ ఆగను. నాకు భయంగా ఉంది."

తల్లీకొడుకులు రోడ్డు దాటి పేటవైపు వెళ్లిపోయారు. మేరమ్మ ఆ చెయ్యి వదలలేదు.

లోపలినుంచి వేణుగోపాలం పిలిచాడు. "అమ్మా! నా తెల్ల చొక్కా ఎక్కడ పెట్టావ్?"

సీతారావమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడింది. అతను మళ్లీ పిలిచాడు. ఆమె చూపు పేట దారి మీదే ఉంది.