టైరు గాడిలో నిమ్మగింజ

నీరద వినికిడి బిళ్లను సుప్రా కారు స్టీరింగు కాడకు ఆనించి ఊపిరి బిగపట్టింది. లోపలి నుంచి కళ్లెం, మనిషి చేయి లేకుండా బండిని నడిపే యంత్రం, జవాబు చెప్పింది. ముందు చిన్న నసుగుడు, ఆ తరువాత మూడు దెబ్బలు. పాత ఇనుములో కూర్చున్న కళ్లెం ఎప్పుడూ అలాగే పలుకుతుంది. ఏనాటిదో స్టీరింగు, కాస్త వదులుగా ఊగాక గానీ మాట వినదు. బండి యజమాని చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"కళ్లెం నిజం," అంది నీరద. చెవిపూసలో దారిపతి, నగరంలోని కళ్లెాలన్నిటినీ ఏలే యంత్రబుద్ధి, ఆ మాటను అందుకుంది.

సుప్రా తనంతట తానే కదిలి తన గడి దగ్గరికి వెళ్లింది. అక్కడ ముందు చక్రం వచ్చే చోట నేల మీద ఒక నిమ్మకాయ పెట్టి ఉంది. బండి దానికి జానెడు ఇవతలే ఆగిపోయింది. దారిపతి నడిపే ఏ బండైనా అంతే. దారిలో గుండ్రటి వస్తువు కనిపిస్తే దాని వెనకే ఎవరో పసివాళ్లు పరుగెత్తుకొస్తారని దాని లెక్క. బండ్ల సంఘం పెద్ద మస్తాన్ గారు గొంతుక్కూర్చుని, కత్తితో కాయను రెండు చెక్కలు చేసి, చక్రానికి అటొకటీ ఇటొకటీ పెట్టారు. చక్రం కింద చితకాల్సిన కాయను కత్తితో కోసి సరిపెట్టుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఆయన మొహంలో మాత్రం ప్రతిసారీ ఏదో వెలితి కనిపించేది.

కొండపల్లి అవతల, విమానాలు దిగడం మానేసిన ఆ బాట మీద ఏడాదికొకసారి చప్పుడు పండగ జరుగుతుంది. మిగతా రోజులన్నీ నగరం నిశ్శబ్దంగా తిరుగుతుంది. ఆ ఒక్క రోజు మాత్రం పాత జపాను బండ్లకు పెట్రోలు పోసి, ఇంజన్లకు గొంతు విప్పే అనుమతి ఉంది. సుప్రాలు, స్కైలైన్లు, సివిక్‌లు, వెడల్పు చేసిన రెక్కలతో, చేత్తో వంచిన పొగగొట్టాలతో, గాజు కింద దాచుకున్న నగల్లా మెరుస్తూ వస్తాయి. గేర్లన్నీ వాటంతట అవే మారేలా ఎప్పుడో మార్పించేశారు. ఎంత ముస్తాబైనా చేసుకోవచ్చు, ఎంత మోతైనా పుట్టించవచ్చు. నడపడం మాత్రం కళ్లెం పని. యజమాని చేయి స్టీరింగు చక్రానికి తగిలితే బండి ముద్ద అవుతుంది. బండ్లను నలిపేసే ముద్దమర బాట చివరే ఉంది, ఎవరూ మరిచిపోకుండా.

పరీక్షకులకు శిక్షణలో రెండే సూత్రాలు వల్లె వేయించారు. అనుమానం బండి మీద వస్తే బండిని ముద్ద చెయ్యి. అనుమానం కళ్లెం మీదే వస్తే, ఉన్నచోట ఆపి చక్రాన్ని మనిషికి అప్పగించు. రెండోది దారిపతి పుట్టిన తొలిరోజుల్లో ఎవరో భయపడి రాసుకున్న మాట. దాన్ని వాడిన వాళ్లు లేరు. వాడవచ్చని తోచినవాళ్లూ లేరు.

నీరదకు అనుమానించడమే ఉద్యోగం. అది ఇంటికీ వెంట వచ్చేది. పాలవాడు నవ్వినా ఎందుకు నవ్వాడా అనుకునేది. దానికి తగ్గ కారణమూ ఉంది. ఆమె పక్క వరసలో పనిచేసిన దైవాధీనం నిరుడు ఒక సివిక్ మీద జాలిపడి, చూసీ చూడనట్టు వదిలేశాడు. అది ఎరబండి. పరీక్షకులను పరీక్షించడానికి రవాణా శాఖవాళ్లే జనంలో కలిపిన బండి. ఇప్పుడు అతను చార్జింగు గుంటలు కడుగుతున్నాడు. అదే పండగలో నీరద ఒక సిల్వియాను పట్టుకుని ముద్దమరకు పంపింది. దాని యజమాని ఏడవలేదు, తిట్టలేదు. గేరు కాడ మీది గుండు మాత్రం విప్పుకుని చొక్కా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ జేబు బరువుకు వేలాడడం ఆమెకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

తరువాతి బండి ఆర్ఎక్స్-7. తెల్లటిది, నడుము సన్నటిది. నీరద దగ్గరికి రాగానే ముక్కు మీది దీపాలు రెప్పలెత్తినట్టు లేచాయి. పక్కన నూనె మరకల చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్న అరవై దాటిన మనిషి నిలబడి ఉంది.

"నాంచారమ్మండీ. ఆటోనగర్. బండి నాదే, పనీ నాదే," అంది అడక్కముందే.

అడక్కముందే చెప్పేవాళ్లను నీరద నమ్మదు. వంగి పొగగొట్టం చూసింది. అతుకులు జడ అల్లినట్టు సాగాయి. ఎక్కడా చెయ్యి వణికిన జాడ లేదు. ఇంజన్‌లో పిస్టన్లకు బదులు తిరిగే త్రికోణం గుర్రుమంటోంది, దాని స్వభావం కొద్దీ కాస్త నూనె వాసన వేస్తోంది. ఆ చప్పుడుకు నీరద అరికాళ్లలో సన్నటి వణుకు పుట్టింది. ఇన్ని బండ్లు తనిఖీ చేసిన ఆమె ఒక్కసారైనా చక్రం తిప్పి ఎరగదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే కోపం వచ్చేది.

బిళ్ల ఆనించింది. మూడు దెబ్బలు వెంటనే వినిపించాయి. నసుగుడు లేదు.

ఆమె మళ్లీ ఆనించింది. మళ్లీ అంతే.

"జవాబు బాగా చెబుతోందే మీ కళ్లెం," అంది నీరద.

"బాగా చెప్పకూడదా ఏంటమ్మా? నిన్ననే శుభ్రం చేసి పెట్టా."

"పాత స్టీరింగులో కూర్చున్నది ఇంత చురుగ్గా పలకదు నాంచారమ్మగారూ."

"స్టీరింగు పాతదైతే మాత్రం? బుషులన్నీ కొత్తవి ఏశాగా."

మాట అతికినట్టే ఉంది. అదే నీరదకు నచ్చలేదు. ఇంత శుభ్రమైన జవాబు రెండు చోట్ల నుంచే వస్తుంది. ఆటోనగర్ చేతుల్లో పుట్టిన దొంగ కళ్లెమైనా కావాలి, శాఖ గోదాములోంచి నిన్నగాక మొన్న దిగిన ఎరబండైనా కావాలి. దొంగ కళ్లెమని పట్టుకుంటే ఈ తెల్లపిల్ల ముద్దయిపోతుంది. వదిలేస్తే, అది ఎర అయితే, తను కూడా దైవాధీనం పక్కన చీపురు పట్టుకోవాలి. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది ఆమెకు.

ఆమె ముసలామె మొహాన్ని చూసింది. ముసలామె అంతకన్నా జాగ్రత్తగా నీరద మొహాన్ని చూస్తోంది. తనను అనుమానించే మనిషి అలా చూస్తుంది. తనను వలలో వేయడానికి వచ్చిన మనిషీ అలాగే చూస్తుంది.

నీరద చక్రాల దగ్గర కూర్చుంది. ఎడమ ముందు టైరు గాడిలో దీపం వేసి చూస్తే, లోతుగా ఏదో తెల్లటిది నలిగి ఇరుక్కుని ఉంది. పిన్నీసుతో గీకింది. ఎండిన పసుప్పచ్చ తొక్క పీచులు వచ్చాయి, వాటి వెనకే ఒక గింజ అరచేతిలో పడింది.

నిమ్మగింజ.

కళ్లెం ఉన్న బండి నిమ్మకాయను తొక్కదు. ఇంట్లోంచి బండి తీసేటప్పుడు ఎవరో చక్రం కింద కాయ పెట్టారు, మరెవరో చేత్తో బండిని దాని మీదకు పోనిచ్చారు. దొంగ కళ్లెం తయారుచేసి, దానికి పలకడం నేర్పి, దారి స్తంభాల మీది కెమెరా కళ్లలో పడకుండా మోకాళ్లతో చక్రం తిప్పుకుంటూ నగరం దాటి వచ్చిన మనిషి, కొత్త పొగగొట్టం వేసిన బండిని నిమ్మకాయ తొక్కించకుండా గడప దాటించలేకపోయింది. శాఖ గోదాములో ఎవరికీ ఈ పిచ్చి ఉండదు. ఎరబండికి నిమ్మకాయ పెట్టాలన్న ఆలోచన వాళ్లకు ఏడు జన్మలెత్తినా రాదు. ఈ గింజ నేరాన్ని పట్టించింది, నేరస్తురాలు నిజమైన మనిషేనని కూడా చెప్పింది. నీరదకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నాంచారమ్మ గింజను చూసింది.

"దోవలో షర్బత్ బండోళ్లు ఎక్కడబడితే అక్కడ పారేత్తారమ్మా," అంది, చెవిపూస వైపు భయంగా చూస్తూ.

"పారేస్తారు," అంది నీరద, గింజను గుప్పిట్లో మూసేస్తూ.

కానీ చెవిపూస ఊరుకోలేదు. "జవాబు అతి శుభ్రంగా ఉంది. చేతిపరీక్ష చేయండి," అంది దారిపతి.

చేతిపరీక్ష అంటే పరీక్షకురాలే చక్రం ముందు కూర్చుని, బాట మీద ఒక చుట్టు తిరుగుతూ చక్రాన్ని తిప్పాలని చూడాలి. కళ్లెం నిజమైతే చక్రం రాయిలా బిగుసుకుపోతుంది. స్తంభాల మీది కళ్లు అన్నీ చూస్తుంటాయి. కాదనే వీలు లేదు. నీరద డ్రైవరు సీట్లో కూర్చుంది. నాంచారమ్మ పక్కన కూర్చుని చీర కొంగు పిడికిట్లో బిగించింది.

కాలు పెడలుకు తగలగానే బండి బాట మీదికి కదిలింది. నీరద చక్రాన్ని వేళ్లతో ముట్టుకుంది. అది కదిలింది. వెంట్రుకవాసి తిప్పితే ముక్కు వెంట్రుకవాసి తిరిగింది. బండి కాదు, తనే కదులుతున్నట్టు ఆమెకు అనిపించింది. ఆ సుఖాన్ని మొహంలోకి రానివ్వకుండా పెదవి కొరుక్కుంది. కుడికాలిని పెడలు మీద పిల్లిలా ఆనించి, కళ్లెం ఎంత వేగంతో పోతుందో అంతే వేగంతో, ఎంత తిన్నగా పోతుందో అంతే తిన్నగా నడిపింది. ఇన్నాళ్లు కళ్లెం నడకను కళ్లలో వత్తులేసుకుని చూసింది గనుక దాన్ని అనుకరించడం కష్టం కాలేదు. చూసేవాళ్లకు అది కళ్లెం నడుపుతున్న బండే.

మలుపు తిరిగాక గడులు కనిపించాయి. ఆర్ఎక్స్-7 గడిలో మస్తాన్ గారు నిమ్మకాయ పెట్టి, పక్కకు జరిగి, కత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

నాంచారమ్మ పెదాలు కదలకుండా, ఇంజన్ మోతలో కలిసిపోయేంత సన్నగా అంది. "ఆపమ్మా. జానెడు ఇవతల. కళ్లెం బండి ఆగిద్ది."

ఆపితే అంతా చల్లగా ముగుస్తుంది. చక్రం లొంగలేదని ఒక్క అబద్ధం చెబితే చాలు. బండి బతుకుతుంది, ఉద్యోగం బతుకుతుంది. వచ్చే ఏడు ఇంకెవరో వంగి ఇంకే గాడిలోనో గీకుతారు, వాళ్ల గుప్పిట మూసుకుంటుందో లేదో తెలియదు. మస్తాన్ గారి కత్తి ఎండలో మెరిసింది. సిల్వియా యజమాని జేబు గుర్తొచ్చింది. ఆపడానికి కావలసినంత చోటుంది, కాలు బ్రేకు మీదికి వెళ్లనూ వెళ్లింది.

నీరద కాలు వెనక్కి తీసేసుకుంది.

చప్పుడు చాలా చిన్నది. ఇంజన్ మోతలో అది వినిపించకూడదు. కానీ ఆ వరసలో అందరికీ వినిపించింది, ఎందుకంటే అందరూ ఏళ్ల తరబడి దానికోసమే చెవులు రిక్కించి ఉన్నారు. కిటికీలోంచి పచ్చి నిమ్మవాసన లోపలికి వచ్చింది. మస్తాన్ గారి చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

"అయిపోయింది," అంది నాంచారమ్మ, కళ్లు మూసుకుని.

"బండి ఆగలేదు," అంది దారిపతి. "అనుమానం దేని మీద? బండి మీదా, కళ్లెం మీదా?"

ఆ ప్రశ్నలో రెండో సగం ఊరికే అలవాటుగా అడిగేది. అందరూ మొదటి సగానికే జవాబు చెబుతారు. నీరద గుప్పిట తెరిచి గింజను చూసుకుంది.

"కళ్లెం మీద," అంది.

"మళ్లీ చెప్పండి."

"మీ బిళ్ల కళ్లెం నిజమంది. మూడు దెబ్బలూ శుభ్రంగా పలికింది, మీరూ విన్నారు. అయినా చక్రం నా చేతికి లొంగింది. నడిపింది నేను. నిమ్మకాయని తెలిసే తొక్కించాను. ఆ మూడు దెబ్బలు విని ఏ బండినైనా ఎలా నమ్మడం? అనుమానం కళ్లెం మీద."

ఆ మూడు దెబ్బలే పలికే కళ్లెం బాట మీద ఉన్న ప్రతి బండిలోనూ ఉంది, నగరంలో తిరిగే ప్రతి బండిలోనూ ఉంది. మనుషులను అనుమానించడం దారిపతికి తెలుసు. తనను తాను అనుమానించుకోవడం ఇదే మొదలు, దానికి అది చేతకావడం లేదు. గోడ అవతల హైవే మీద పోతున్న బండ్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించి నిలిచిపోయాయి.

తరువాత సుప్రాలోంచీ, సివిక్‌లోంచీ, వరసలోని అన్ని బండ్లలోంచీ ఒకే గొంతు, మునుపెన్నడూ లేనంత మెల్లగా పలికింది. "బండిలో ఉన్నవారు చేతులు చక్రం మీద పెట్టండి."

ఎవరూ పెట్టలేదు. ఇది కూడా ఎరేనేమోనని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నిన్ను ఎర అనుకున్నానమ్మా," అంది నాంచారమ్మ.

"నేనూ మిమ్మల్ని అదే అనుకున్నాను."

మస్తాన్ గారు ముందుగా కదిలారు. కత్తిని తుడిచి బుట్టలో పెట్టేశారు. ఒక నిమ్మకాయ ఏరుకుని, తన నీలం స్కైలైన్ ముందు చక్రం కిందకు తోసి, మోకాళ్లు పట్టుకుంటూ లేచి లోపల కూర్చున్నారు. రెండు చేతులూ చక్రం మీద పెట్టారు. బండి ఒక్క కుదుపుకు ముందుకెళ్లి ఆగిపోయింది. వరసలో ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వి, మళ్లీ పెడలు నొక్కారు.

ఈసారి కాయ చితికింది.