వంద శాతమైనా సెలెక్టివే

మంచిమాట చెప్పి తిట్లు తిన్నవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే!

ఆదివారం కేతేపల్లిలో, గొర్రెల దొడ్డి పక్కన మంచమేసి కూర్చోబెట్టి, మా మేనమామ బీరప్ప అడిగాడు. "మా స్వర్ణను చేసుకుంటవా, పరమేష్?"

"మేనరికం ఉండంగ ఇంకెవర్ని చేసుకుంట మామా? వేరే తొవ్వే లేదు" అన్నాను.

అందరూ నవ్వారు. స్వర్ణ మాత్రం చాయ్ గ్లాసు టప్పున కిందపెట్టి లోపలికి పోయింది.

మర్నాడు నల్గొండలో, మేమిద్దరం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే కాలేజీ ల్యాబులో, నా రికార్డు తెచ్చి నా ముందే విసిరికొట్టింది.

"గిదేంది బావా? ఒకటే ప్రొడక్టు వచ్చిందని స్టీరియోస్పెసిఫిక్ అని రాస్తవా?"

"తొంభై శాతమొస్తే సెలెక్టివ్, వంద వస్తే స్పెసిఫిక్కే గదా!"

"నీ మొకం! చూడాల్సింది శాతం గాదు, తొవ్వలు. రెండు తొవ్వలు తెరిచి ఉండి రియాక్షన్ ఒకదాన్నే పడితే సెలెక్టివ్. వందకు వంద పట్టినా సెలెక్టివే. స్పెసిఫిక్కంటే వేరే తొవ్వే ఉండదు. ఏ రూపంతోని మొదలువెడితే దానికి తగ్గ రూపమే వస్తది."

"సరే, దిద్దుకుంట. దానికింత కోపమా?"

"నిన్న బాపు ముందట ఏమన్నవ్? వేరే తొవ్వే లేదు! నా జాగల ఇంకో బిడ్డ పుడితే దాన్నే చేసుకుందువు. గసొంటి పెండ్లి నాకొద్దు. ఇయ్యాల్నే బాపుకు చెప్పేస్త."

గొడుగు కూడా లేకుండా వానలోకి నడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. వెంటపడి పరుగెత్తాను.

"ఆగు! అవ్వ కల్వకుర్తి సంబంధం తెచ్చింది, వద్దన్న. హాలియా పిల్ల, బ్యాంకు నౌకరి, గదీ వద్దన్న. ఎందుకో ఎర్కేనా?"

"ఎందుకు?"

"నువ్వంటే పానం గనుక! మేనరికం గాకున్నా మీ ఇంటి ముందటనే నిలబడుదును."

స్వర్ణ ఆగింది. చెంపల మీది వాన తుడుచుకుంది.

"గీ మాట నిన్న చెప్పనీకేమైంది?"

"సిగ్గయింది."

"సిగ్గట! సాయంత్రం రా. బాపు ముందట మళ్ల చెప్పు. సక్కగ చెప్పకపోతే సప్లిమెంటరీ కూడ ఉండదు."

సాయంత్రం తడిసిన బట్టలతోనే మామ ముందు నిలబడ్డాను.

"తొవ్వలు మస్తున్నయి మామా. నాకు స్వర్ణనే కావాలె."

మామ అయోమయంగా చూశాడు. "నిన్న గూడ గదే అన్నవు గదరా?"

"గది వేరే, ఇది వేరే బాపూ!" వంటింట్లోంచి స్వర్ణ అరిచింది. "నువ్వు ముహూర్తం వెట్టియ్యి!"