కుడికి చూపించి ఎడమకి

పెరుగుచట్నీ వడ్డిస్తూ తన మీద తిట్లు తానే వినాల్సి వస్తుందని ఎబెన్ ఆ ఆదివారం పొద్దున లేచినప్పుడు అనుకోలేదు.

సిడ్నీ ఎడ్మండ్‌సన్ పార్క్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధన అయ్యాక ప్రేమవిందు జరుగుతోంది. కూతురి చదువు కోసం బ్రిస్బేన్ నుంచి కొత్తగా మారి వచ్చిన మరియదాసు అంకుల్, కొత్తచోటన్న మొహమాటమేమీ లేకుండా, గ్రిడైరన్ ఫైనల్ గురించి తీర్పు చెబుతున్నారు.

గ్రిడైరన్ అంటే అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్లనొకళ్లు కుమ్ముకునే ఆట. బంతి మనవాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఎటు పరిగెత్తాలో, ఎవరికి విసరాలో గీత బయట నిలబడి చెప్పేవాణ్ణి అఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు. పోయిన నెల దాకా తన యూనీ, అంటే యూనివర్సిటీ, టీముకి ఆ కోఆర్డినేటర్ ఎబెనే. ఫైనల్లో చిత్తుగా ఓడాక పక్కన పెట్టారు. మళ్లీ తీసుకుంటారో, శాశ్వతంగా మాజీని చేస్తారో శనివారం కమిటీ తేలుస్తుంది.

"వాడెవడో కోఆర్డినేటరంట!" అన్నారు అంకుల్, బిర్యానీలో ముక్క వెతుక్కుంటూ. "బంతి ఎటు పంపితే అటు మా అమ్మాయి యూనీ వాళ్లు ముందే వెళ్లి కాసుక్కూర్చున్నారు. బుర్ర లేదండీ వాడికి!"

"పోనీలెండి, ఫైనల్ దాకా తెచ్చాడుగా," అంది ఆయన భార్య వసంతకుమారి.

"గాలివాటం!"

పక్క బల్ల అంకుల్స్ కూడా చేరిపోయారు. కుర్రాడు తెలివైనవాడేనని ఒకరు, చివర్లో బంతి విసరమనడం శుద్ధ దండగని ఇంకొకరు. అసలా బంతి గుండ్రంగా ఉండదన్న సంగతి వాళ్లలో సగం మందికి తెలియదు.

"చట్నీ వెయ్యమంటారా అంకుల్?" అన్నాడు ఎబెన్.

"వెయ్యి బాబూ. నువ్వు చెప్పు, వాడికి బుర్రుందా?"

నెల రోజులుగా ఎబెన్ తనను తాను అడుగుతున్నదీ అదే. పక్కనే కూర్చున్న స్టీవ్ నవ్వాపుకోలేక పొలమారి దగ్గాడు. స్టీవ్ కూడా తెలుగువాడే, అదే టీములో క్వార్టర్‌బ్యాక్, అంటే ఎబెన్ చెప్పింది విని బంతి అందించేవాడు.

"డాడీ, హీ వాజ్ బ్రిలియంట్, యాక్చువల్లీ," అంది అంకుల్ పక్కనున్న అమ్మాయి. "ప్రాబ్లమ్ బుర్ర కాదు. నోరు. టూ లౌడ్!"

"నోరేం చేసిందండీ?" అన్నాడు ఎబెన్.

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. పోల్చుకుంది. పెదవి కొరుక్కుని, తర్వాత నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, అచ్చం ఎబెన్ బాపట్ల యాసలో అరిచింది.

"కుడికి చూపించి ఎడమకి కొట్టరా స్టీవ్!"

చట్నీ గరిటె గిన్నెలో పడింది.

మిగతా టీములన్నిటికీ రహస్య సంకేతాలుంటాయి. ఎబెన్ మాత్రం, ఈ సిడ్నీలో తెలుగెవడికొస్తుందిలే అని, సీజనంతా తేటతెల్లంగా తెలుగులోనే అరిచాడు. ఫైనల్‌కి అవతలి వైపు నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడ్డ ఫిజియోథెరపీ స్టూడెంటు ఈ అనీషా.

"మీవాళ్లకి చెప్పేశావా?"

"ఎవ్రీ సింగిల్ వన్."

"అది చీటింగ్!"

"వినడం చీటింగా? మరి నేను చెవులు మూసుకోవాలా?"

ఎబెన్ గిన్నె అక్కడే పెట్టేసి బయటికి నడిచాడు. వాన మొదలైంది. ఒళ్లు మండిపోతోంది. అంత కోపంలోనూ ఆ అమ్మాయి కళ్లు బాగున్నాయనిపించడం మరీ అన్యాయంగా తోచింది.

వెనకే ఆమె వచ్చి చూరు కింద నిలబడింది.

"సారీ చెప్పను. అది నా టీమ్," అంది. "బట్, నీకు బుర్ర లేదని నువ్వే నమ్మేస్తే మాత్రం నాకు నచ్చదు. నేను అన్నీ ముందే చెప్పేశాను కదా? అయినా టూ టైమ్స్ మావాళ్లు మోసపోయారు. ఇంటికెళ్లి కూడా ఆ ప్లేల గురించే థింక్ చేశాను."

"ఎందుకు?"

"బాగున్నాయి కాబట్టి," అని వానవైపు తిరిగిపోయింది.

శనివారం కమిటీ మీటింగుకి అవతలి యూనీ జెర్సీ వేసుకునే వచ్చింది అనీషా. ఉన్నదున్నట్టు చెప్పింది. కెప్టెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎబెన్ ఉద్యోగం వాడికి దక్కింది, ఇక మీద అర్థమయ్యేలా అరవకూడదన్న షరతు మీద.

ఆ తర్వాత ఇద్దరూ ఒకే రైల్లో యూనీలకి వెళ్లేవారు. ఎబెన్ కొత్త ప్లేలు, అంటే ఆట ఎత్తులు, గీస్తుంటే, "నాకు చూపించకు, నేను ఎనిమీని," అని కిటికీవైపు తిరిగేది. చెప్పాల్సిన మాట ఎబెన్ నోటి దాకా వచ్చేది. ఈలోగా ఆమె స్టేషనూ వచ్చేది. మైదానంలో అంత నోరున్నవాడికి రైల్లో మాట పెగిలేది కాదు.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్ ఆమె టీముతోనే పడింది. ఆరాధన ముగించుకుని సంఘమంతా మడత కుర్చీలతో దిగింది.

"గోంగూర!" అని అరిచాడు ఎబెన్. బంతి ఒకవైపు వెళ్లింది. "చేపల పులుసు!" ఇంకోవైపు వెళ్లింది. అవతల అనీషా నడుం మీద చేతులు పెట్టుకుని గుడ్లురిమి చూసింది. చివరి నిమిషంలో "ముద్దపప్పు!" అన్నాడు. బంతి గీత దాటింది, మ్యాచ్ గెలిచారు.

ఆ సంబరంలో ఎబెన్‌కి ఒళ్లు తెలియలేదు. ఇన్నాళ్లూ రైల్లో దిగమింగిన మాట ఒక్క ఊపున పైకొచ్చేసింది.

"అనీషా! నువ్వంటే నాకు చాలా ఇష్టం! సాయంత్రం కాఫీకి వస్తావా?"

తెలుగెవడికొస్తుందిలే అన్న ధీమా ఇంకా వదల్లేదు పాపం. వెనక మడత కుర్చీల్లో సంఘమంతా వినేసింది. స్టీవ్ హెల్మెట్ తీసి తల పట్టుకున్నాడు. మరియదాసు అంకుల్ మెల్లగా లేచి నిలబడ్డారు.

"ఇట్టా మైదానంలో అడుగుతారటండీ?" అన్నారొక అంకుల్. "ఎక్కడో ఓ చోట అడగాలిగా!" అన్నారు ఇంకొకరు. మళ్లీ చర్చ మొదలైంది.

ఎబెన్‌కి వెనక్కి తిరిగే ధైర్యం లేదు. ఎదురుగా ఆమె ముఖం మాత్రం చూస్తూ నిలబడ్డాడు.

ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లిషులో జవాబిచ్చే అనీషా, నీళ్ల సీసాలు కింద పెట్టి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"వస్తా! నాక్కూడా నువ్వంటే ఇష్టమే! ఇంక అరవకు!"

మరియదాసు అంకుల్ కాసేపు కూతురి వంక చూశారు.

"బాబూ, ఎనిమిదింటికల్లా ఇంటి దగ్గర దింపాలి," అని కూర్చున్నారు.

"బుర్ర లేదన్నారుగా?" అంది వసంతకుమారి, నవ్వు దాచుకోకుండా.

"ఉంది వసంతా," అన్నారాయన. "నోరే కాస్త ఎక్కువ."